పాత స్టాక్ ఇంజన్‌కు టర్బో: బూస్ట్ ఎక్కించే ముందు తేలాల్సిన లెక్కలు

1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ సంస్థ జెట్‌ఫైర్ అనే కారును అమ్మకానికి పెట్టింది. 3.5 లీటర్ల వీ8 ఇంజన్, 10.25:1 కంప్రెషన్ (సిలిండర్లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి), దానికి 5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బూస్ట్, అంటే అదనపు గాలి ఒత్తిడి, ఇచ్చే చిన్న టర్బో. ఎగ్జాస్ట్ వాయువుతో తిరుగుతూ ఇంజన్లోకి గాలిని నొక్కే పంపు అది. అంత కంప్రెషన్ మీద బూస్ట్ పడితే పెట్రోల్ తట్టుకోదని ఇంజనీర్లకు తెలుసు. అందుకని బూస్ట్ వచ్చినప్పుడల్లా మిథనాల్, డిస్టిల్డ్ వాటర్ కలిపిన ద్రవాన్ని ఇంటేక్‌లోకి చిమ్మే ఏర్పాటు చేశారు. దానికో వేరే ట్యాంకు. ఆ ట్యాంకు ఖాళీ అయితే బూస్ట్ రాకుండా ఆపే ఏర్పాటు కూడా ఉంది. కొన్నవాళ్లలో చాలామంది దాన్ని నింపడమే మానేశారు. కారు 1963తో ఆగిపోయింది. తర్వాత చాలా బండ్లకు టర్బో పీకేసి మామూలు కార్బ్యురేటర్ బిగించారు.

ఇరవై ఏళ్ల తర్వాత, 1982లో, స్వీడన్ సంస్థ సాబ్ ఇదే చిక్కును ఇంకో దారిలో విప్పింది. ఇంజన్ బ్లాకుకు ఒక నాక్ సెన్సర్ బిగించి, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి అంటుకోవడం) వినబడగానే వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ను టర్బోకు తగలకుండా పక్కకు వదిలే తలుపు) తెరిపించి బూస్ట్ తగ్గించింది. ఏపీసీ అని దానికి పేరు. డ్రైవర్ పోసే పెట్రోల్ ఎలాంటిదైనా ఇంజన్ తన జాగ్రత్త తను చూసుకుంది.

టర్బో లేకుండా కంపెనీ నుంచి వచ్చిన స్టాక్ ఇంజన్‌కు బయటినుంచి టర్బో తగిలించే ప్రతి ప్రయత్నమూ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. టర్బో, పైపులు, మానిఫోల్డ్ బిగించడం వెల్డింగ్ వచ్చినవాళ్లకు వారం పని. సిలిండర్లో ప్రతి మంటా అదుపులో ఉందో లేదో తెలుసుకునే ఏర్పాటు చేయడమే అసలు పని. డబ్బు కూడా ముందు అక్కడే పెట్టాలి. టర్బో చివర్లో కొనాల్సిన వస్తువు.

లెక్కలు తేలిగ్గా ఉండటానికి ఇక్కడ ఒకే ఇంజన్‌ను పట్టుకుని నడుద్దాం: 1.6 లీటర్, నాలుగు సిలిండర్లు, 80 మి.మీ. బోర్, 9.5:1 కంప్రెషన్, పోర్ట్ ఇంజెక్షన్, కొత్తలో 105 హార్స్‌పవర్.

వేడి దగ్గర మొదలయ్యే కథ

సముద్రమట్టంలో గాలి పీడనం 14.7 పీఎస్ఐ. గేజ్ మీద 6 పీఎస్ఐ బూస్ట్ కనబడితే మానిఫోల్డ్‌లో ఉన్నది 20.7, అంటే మామూలుకు 1.41 రెట్లు. సైకిల్ పంపు కొడుతుంటే అడుగు భాగం కాలినట్టే, నొక్కిన గాలి వేడెక్కుతుంది. 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్ 30 డిగ్రీల గాలిని ఆ మేరకు నొక్కితే అది 74 డిగ్రీలకు చేరుతుంది. 12 పీఎస్ఐకి నొక్కితే 110 డిగ్రీలు. వేడి గాలి పలచన కాబట్టి 74 డిగ్రీల దగ్గర సిలిండర్లోకి వెళ్లే గాలి నిజానికి 1.41 రెట్లు కాదు, 1.23 రెట్లే. అలా పెరిగిన వేడిలో 70 శాతాన్ని తీసేసే ఇంటర్‌కూలర్ పెడితే గాలి 43 డిగ్రీలకు దిగుతుంది, నిష్పత్తి 1.35కి ఎక్కుతుంది. పైపుల్లో, ఎగ్జాస్ట్‌లో పోయేది పోగా మన 105 హార్స్‌పవర్ ఇంజన్ 135 నుంచి 140 దాకా ఇస్తుంది.

తక్కువ బూస్టే కదా, ఇంటర్‌కూలర్ ఎందుకనే మాట తరచూ వినబడుతుంది. ఇంటర్‌కూలర్ వల్ల పెరిగే పవర్ పక్కన పెట్టండి. సిలిండర్లోకి వెళ్లే గాలి 30 డిగ్రీలు చల్లగా ఉండటమే నాకింగ్ నుంచి దొరికే పెద్ద రక్షణ. 9.5:1 కంప్రెషన్ ఇంజన్‌కు ఇంటర్‌కూలర్ లేకుండా 4 పీఎస్ఐ దాటడం తగదు.

నాకింగ్ అంటే ఏమిటో ఒకసారి చూస్తే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో అర్థమవుతాయి. ప్లగ్ దగ్గర అంటుకున్న మంట వరసగా పాకుతూ సిలిండర్ అంచుకు చేరాలి. ఆ లోపు అంచున మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తాళలేక తనంతట తాను ఒక్కసారిగా అంటుకుంటే, ఆ దెబ్బకు పుట్టిన పీడన తరంగం గదిలో అటూ ఇటూ కొట్టుకుంటుంది. మన 80 మి.మీ. బోర్‌లో ఆ చప్పుడు సుమారు 7 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. పిస్టన్ తలను కాపాడుతూ అంటుకుని ఉండే పల్చని చల్లటి వాయుపొరను ఆ తరంగం చీల్చేస్తుంది. వేడి నేరుగా అల్యూమినియంలోకి దిగుతుంది. స్టాక్ ఇంజన్లలో ఎక్కువగా ఉండేవి పోత పిస్టన్లు. అవి వంగవు, పెళుసుగా విరుగుతాయి. ముందు పోయేది మొదటి రెండు రింగుల మధ్య ఉండే సన్నని గట్టు. ఆ చప్పుడేమో టైర్ల హోరులో, ఎగ్జాస్ట్ మోతలో డ్రైవర్ చెవికి అందదు. వినబడే వేళకు ఆలస్యమైపోతుంది.

ఇంకో చావు కూడా ఉంది, అది నిశ్శబ్దంగా వస్తుంది. స్టాక్ ఇంజన్ రింగుల చివరల మధ్య సందు మామూలు వేడికి సరిపడా పెట్టినది. బూస్ట్‌లో రింగు ఇంకా సాగుతుంది. రెండు చివరలూ ఒకదాన్నొకటి తాకితే రింగుకు వెళ్లే దారి ఉండదు, పిస్టన్ గట్టును పట్టుకుని లాగేస్తుంది. టర్బో ఇంజన్ కట్టేవాళ్లు పై రింగుకు బోర్‌లో 0.5 శాతం పైగా సందు ఇస్తారు. 80 మి.మీ. బోర్‌కు అది 0.40 మి.మీ. స్టాక్ సందు చాలా ఇంజన్లలో దీనికంటే తక్కువ. ఇంజన్ విప్పకుండా టర్బో పెట్టేవాళ్లు 6 పీఎస్ఐ దగ్గర ఆగమని చెప్పడానికి ఇది గట్టి కారణం. విచిత్రమేమిటంటే కాస్త అరిగిన ఇంజన్లో ఈ సందు పెరిగి ఉంటుంది. అలాగని బోరుకొచ్చిన ఇంజన్ టర్బోకు అనువైనదని కాదు.

ముందు ఇంజన్‌కు పరీక్ష

ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు నాలుగు ప్లగ్‌లూ తీసి, ఇంధనం, ఇగ్నిషన్ కనెక్షన్లు ఊడదీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నిండుగా చార్జ్ అయిన బ్యాటరీతో కంప్రెషన్ చూడాలి. 9.5:1 ఇంజన్‌కు 170 నుంచి 190 పీఎస్ఐ దాకా రావచ్చు. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం: అన్నిటికంటే ఎక్కువదానికీ తక్కువదానికీ మధ్య 10 శాతం మించకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, అంకె లేస్తే రింగులు, లేవకపోతే వాల్వులు లేదా హెడ్ ప్యాకింగ్. తర్వాత లీక్‌డౌన్ పరీక్ష, అంటే సిలిండర్లోకి గాలి నింపి ఎంత కారుతోందో చూడటం. 10 శాతం లోపు కారితే మంచి ఇంజన్. 20 దాటితే టర్బో మాట పక్కన పెట్టి ఇంజన్ పని చేయించుకోవాలి. గాలి ఎక్కడినుంచి బుసకొడుతోందో చెవి పెట్టి వినాలి: ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, సైలెన్సర్ దగ్గరైతే ఎగ్జాస్ట్ వాల్వు, రేడియేటర్లో బుడగలైతే ప్యాకింగ్.

ఆయిల్ ప్రెజర్‌ను డాష్‌బోర్డు లైటు మీద వదిలేయకుండా మెకానికల్ గేజ్ పెట్టి చూడాలి. ప్రతి 1000 ఆర్‌పీఎంకు 10 పీఎస్ఐ అనేది పాత మోటు కొలత, ఇప్పటికీ పనికొస్తుంది. వేడి ఇంజన్ ఐడిల్‌లో 10 కంటే కిందికి పోతుంటే బేరింగులు అరిగాయన్నమాట. ఇక ఆ ఆయిల్లోంచి టర్బోకు వాటా తీయడం అంటే రెండింటికీ అన్యాయం. కూలింగ్ వైపు రేడియేటర్, థర్మోస్టాట్, ఫ్యాన్ కొత్తవిగా ఉంటే సరిపోతుంది.

ఇంధనం: అసలు పరీక్ష ఇక్కడే

బూస్ట్‌లో మిశ్రమం లాంబ్డా 0.78 నుంచి 0.82 మధ్య ఉండాలి (గాలి, పెట్రోల్ సరిగ్గా సమతుల్యంగా ఉంటే లాంబ్డా 1, తగ్గితే పెట్రోల్ ఎక్కువ). పెట్రోల్ లెక్కలో ఒక పాలు పెట్రోల్‌కు సుమారు 11.5 నుంచి 12.0 పాళ్ల గాలి, బరువులో. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు 14.7 అనే సమతుల్య అంకె మారిపోతుంది కాబట్టి గేజ్‌ను లాంబ్డాలోనే చదవడం మేలు. అదనపు పెట్రోల్ ఆవిరవుతూ మిశ్రమాన్ని చల్లబరుస్తుంది, నాకింగ్‌ను ఆపుతుంది. వృథా అయినట్టు కనబడే ఆ పెట్రోలే పిస్టన్‌కు గొడుగు.

ఇంజెక్టర్ ఎంత పెద్దది కావాలో లెక్క వేద్దాం. టర్బో పెట్రోల్ ఇంజన్ ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు 0.60 పౌండ్లు, అంటే సుమారు 270 గ్రాముల ఇంధనం తాగుతుంది. 140 హార్స్‌పవర్‌కు గంటకు 38 కిలోలు. నాలుగు ఇంజెక్టర్లకు పంచితే తలా 9.5 కిలోలు. ఇంజెక్టర్‌ను 80 శాతానికి మించి తెరిచి ఉంచకూడదు కాబట్టి 0.8తో భాగిస్తే 11.9 కిలోలు. పెట్రోల్ సాంద్రత ప్రకారం మారిస్తే నిమిషానికి సుమారు 270 సీసీ. ఇలాంటి ఇంజన్లలో స్టాక్ ఇంజెక్టర్లు చాలావరకు దీనికి చాలవు. 3 బార్ దగ్గర 300 నుంచి 330 సీసీ ఇచ్చేవి పెట్టుకుంటే పైన కాస్త ఊపిరి ఉంటుంది, కింద ఐడిల్ కూడా చెడదు.

ఇంజెక్టర్లు మార్చకుండా ఇంధన పీడనం పెంచి సరిపెడదామనే దారి ఒకటుంది. బూస్ట్‌కు పది పన్నెండు రెట్లు పీడనం పెంచే రెగ్యులేటర్లు దొరుకుతాయి. ప్రవాహం పీడనం వర్గమూలం ప్రకారం పెరుగుతుందని గుర్తుంటే ఆ దారి ఎంత ఇరుకో తెలుస్తుంది: 30 శాతం ఎక్కువ పెట్రోల్ కావాలంటే పీడనం 69 శాతం పెరగాలి. పీడనం పెరిగిన కొద్దీ పాత పంపు ఇచ్చే పరిమాణం తగ్గుతుంది. రెండు వైపులా కోత. ఈ కిట్లు బూస్ట్ గేజ్ మీద బాగానే కనబడతాయి, ఎండ ముదిరిన రోజున పిస్టన్ తీసుకుపోతాయి.

చాలా బండ్లలో రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉండి, తిరుగు పైపు ఉండదు. వాటిలో రైలు (ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే గొట్టం) పీడనం బయటి గాలితో పోల్చి స్థిరంగా ఉంటుంది, మానిఫోల్డ్‌తో పోల్చి కాదు. 3 బార్ రైలు మీద 0.4 బార్ బూస్ట్ వస్తే ఇంజెక్టర్‌కు మిగిలే తేడా 2.6 బార్. అంటే ఎక్కువ పెట్రోల్ కావాల్సిన క్షణంలో 7 శాతం తక్కువ వస్తుంది. మానిఫోల్డ్ నుంచి సన్నని గొట్టం తగిలే రెగ్యులేటర్ పెట్టి, తిరుగు పైపు వేయడమే సరైన పద్ధతి. లేదంటే ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) మ్యాప్‌లో, అంటే దాని ఇంధనం, టైమింగ్ అంకెల పట్టికలో, ఆ 7 శాతాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

పంపుకు అందే కరెంటును చాలామంది పట్టించుకోరు. ఇరవై ఏళ్ల వైరింగ్, నల్లబడిన కనెక్టర్లు. ఆల్టర్నేటర్ దగ్గర 13.8 వోల్టులు ఉన్నా పంపు దగ్గర 11.5 మాత్రమే అందుతుంటే పంపు సామర్థ్యంలో పెద్ద కోత పడుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో మందపాటి వైరు వేసి, పాత వైరుతో రిలే నడిపిస్తే కొత్త పంపు కొన్నంత ఫలితం కనబడుతుంది. కొత్త పంపు వేసినా ఈ వైరు పని తప్పదు.

ఈసీయూకు కళ్లు, చెవులు

మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్ మీద నడిచే పాత ఈసీయూకు వాతావరణ పీడనం పైన లోకం లేదు. 1 బార్ సెన్సర్ అక్కడే ఆగిపోతుంది. 6 పీఎస్ఐ బూస్ట్ వచ్చినా సున్నా బూస్ట్ అనుకుని పెట్రోల్ కొడుతుంది, టైమింగ్ అలాగే ఉంచుతుంది. గాలి బరువు కొలిచే సెన్సర్ ఉన్న బండ్లు కొంత నయం, అవి కూడా 5 వోల్టుల గోడ తగిలేదాకానే.

ఇంకో చిక్కు సగం థ్రాటిల్‌లో దాక్కుని ఉంటుంది. లాంగ్ రోడ్డు మీద చిన్న ఎత్తు ఎక్కుతూ పెడల్ సగం నొక్కినప్పుడు టర్బో 2, 3 పీఎస్ఐ చేసేస్తుంది. థ్రాటిల్ పూర్తిగా తెరవలేదు కాబట్టి స్టాక్ ఈసీయూ ఇంకా ఆక్సిజన్ సెన్సర్ మాట వింటూ మిశ్రమాన్ని 14.7కే లాగుతూ ఉంటుంది. నిమిషాల తరబడి. రేసులో పగలని ఇంజన్ ఇలా ఎత్తు ఎక్కుతూ పగలడానికి ఇదే కారణం. కాబట్టి బూస్ట్ మొదలవగానే ఆ సెన్సర్ మాట వినడం మానేసే ఈసీయూ కావాలి.

మెగాస్క్విర్ట్, స్పీడుయినో లాంటి పూర్తి ఈసీయూలు పాత ఇంజన్‌కు సరిగ్గా సరిపోతాయి. వాటికి 2.5 బార్ లేదా 3 బార్ మ్యాప్ సెన్సర్, ఇంటర్‌కూలర్ తర్వాత గాలి ఉష్ణోగ్రత సెన్సర్, వైడ్‌బ్యాండ్ (మిశ్రమం ఎంతో అంకెలో చెప్పే) ఆక్సిజన్ సెన్సర్, వీలైతే నాక్ సెన్సర్ ఉండాలి. బండిలో ముందునుంచీ ఉన్న మామూలు ఆక్సిజన్ సెన్సర్ 14.7కు అటా ఇటా అని చెబుతుంది, ఎంత దూరమో చెప్పలేదు. ట్యూనింగ్‌కు అది గుడ్డి కన్ను. వైడ్‌బ్యాండ్‌ను టర్బో దాటాక అరమీటరు దూరంలో, పైపు పై సగంలో, మొన కిందికి వాలేలా బిగించాలి. కింద బిగిస్తే చల్లటి పొద్దున పైపులో చేరే నీటిచుక్క సెన్సర్‌ను పగలగొడుతుంది. ఎగ్జాస్ట్ పైపుకు సెన్సర్ ముందు ఎక్కడ చిన్న లీకు ఉన్నా బయటి గాలి కలిసి అంకె లీన్‌గా చూపిస్తుందని మరవకూడదు.

టైమింగ్, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడాలో, దానికి మొదటి అడుగు: ఒక్కో పీఎస్ఐకి ఒక డిగ్రీ వెనక్కి. స్టాక్‌లో 30 డిగ్రీలు ఉన్న చోట 6 పీఎస్ఐకి 23, 24తో మొదలుపెట్టాలి. ఇంజన్‌కు నాకింగ్ ఎక్కువగా పట్టేది టార్క్ శిఖరం చుట్టూ, మన ఇంజన్లో 3000 నుంచి 4500 మధ్య. పైకి వెళ్లే కొద్దీ మంటకు దొరికే వ్యవధి తగ్గి, నాకింగ్‌కూ అవకాశం తగ్గుతుంది. అక్కడ రెండు మూడు డిగ్రీలు తిరిగి ఇవ్వొచ్చు. భయంతో మరీ వెనక్కి లాగినా తప్పే. మంట ఎగ్జాస్ట్‌లోకి పాకి మానిఫోల్డ్ ఎర్రబడుతుంది, టర్బైన్ ముందు వేడి 950 డిగ్రీలు దాటితే మామూలు పోత ఇనుము చీలికలు పడుతుంది.

మొదలుపెట్టే ముందు టైమింగ్ లైటు పట్టి ఈసీయూ చెప్పేదీ పుల్లీ మీద గీతా ఒకటేనా అని చూడాలి. అయితే పాత పుల్లీల్లో బయటి రింగును పట్టి ఉంచే రబ్బరు గట్టిబడి జారుతుంది, గీతే అబద్ధం చెబుతుంది. మొదటి పిస్టన్ టాప్ డెడ్ సెంటర్‌ను (అది పూర్తిగా పైకి చేరే చోటును) పిస్టన్ స్టాప్‌తో నిర్ధారించుకున్నాకే గీతను నమ్మాలి.

కార్బ్యురేటర్, డిస్ట్రిబ్యూటర్ బండ్ల సంగతి వేరే వ్యాసానికి తగినంత ఉంది. ఒక్కటి మాత్రం: టర్బో గాలి కార్బ్యురేటర్ గుండా వెళ్లే పద్ధతిలో ఇంధన పీడనం ఎప్పుడూ బూస్ట్ కంటే 3, 4 పీఎస్ఐ ఎక్కువ ఉండాలి, ఫ్లోట్ గదికి కూడా బూస్ట్ అందాలి. బోలుగా ఉండే ఇత్తడి ఫ్లోట్లు ఆ ఒత్తిడికి నలిగిపోతాయి.

టర్బో, వేస్ట్‌గేట్

మన ఇంజన్‌కు కావాల్సిన గాలి నిమిషానికి 14 పౌండ్లు. టీడీ04 తరగతి చిన్న టర్బో దీనికి ఎక్కువే. పెద్ద టర్బో పెడితే 4500 దాకా నిద్రపోయి తర్వాత ఒక్కసారిగా లేస్తుంది. మరీ చిన్నది పెడితే 2000 దగ్గరే పూర్తి బూస్ట్ వచ్చి కనెక్టింగ్ రాడ్‌ను వంచే ప్రమాదం ఉంది. ఎక్కువ ఆర్‌పీఎం రాడ్‌ను లాగుతుంది, తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద టార్క్ దాన్ని నొక్కుతుంది. స్టాక్ రాడ్ ఈ రెండోదానికే ముందు లొంగుతుంది. 2500 లోపు పెడల్ పూర్తిగా నొక్కినా బూస్ట్ 3, 4 దాటకుండా చూడటం మంచిది.

పాత టర్బో కొంటుంటే షాఫ్ట్‌ను ముందుకీ వెనక్కీ లాగి చూడాలి. అటువైపు కదలిక దాదాపు ఉండకూడదు. పక్కలకు కొద్దిగా ఆడటం మామూలే, చక్రం గోడకు తాకనంతవరకు.

బూస్ట్ కనీస హద్దును నిర్ణయించేది వేస్ట్‌గేట్ స్ప్రింగే, కంట్రోలర్ కాదు. 5 పీఎస్ఐ స్ప్రింగుతో మొదలవ్వాలి. 10 పీఎస్ఐ స్ప్రింగు పెట్టి ఏ ఎలక్ట్రానిక్స్‌తోనూ 6కు దించలేరు. వేస్ట్‌గేట్ రంధ్రం చిన్నదైతే 3500లో 6 ఉన్న బూస్ట్ 6000లో 10కి పాకుతుంది. దానికి మందు రంధ్రం పెంచడం లేదా పెద్ద వేస్ట్‌గేట్. వేస్ట్‌గేట్‌కు వెళ్లే గొట్టం ఊడిపోతే గేటు మూసుకునే ఉంటుంది, బూస్ట్‌కు హద్దు ఉండదు. ఇంజన్ పగిలిన కేసుల్లో ఈ చిన్న రబ్బరు గొట్టం వాటా పెద్దదే. కంప్రెసర్ నుంచి నేరుగా తీసి, రెండు వైపులా క్లిప్పులు వేయాలి, మధ్యలో ఇంకే గేజ్‌కూ పాయ తీయకూడదు.

ఆయిల్ ఎక్కించడం తేలిక, దించడమే కష్టం

ఆయిల్ టర్బోలోకి ప్రెజర్‌తో వెళ్తుంది, బయటికి తన బరువుతోనే జారాలి. ఈ ఒక్క మాట మరిచిన ప్రాజెక్టులు నీలి తెలుపు పొగతో, కొత్త టర్బో సీళ్ల మీద నిందతో ముగుస్తాయి. తిరుగు పైపు లోపలి వ్యాసం 15 మి.మీ. పైన ఉండాలి, దారిలో ఎక్కడా మలుపు పైకి లేవకూడదు, సంప్‌లో ఆయిల్ మట్టం కంటే పైన కలవాలి. మట్టం కింద కలిస్తే ఆయిల్ వెనక్కి నిలిచి, టర్బో సీళ్లను దాటి ఎగ్జాస్ట్‌లోకి కారుతుంది. సంప్‌కు రంధ్రం చేయాలంటే దాన్ని విప్పి చేయాలి. గ్రీజు పూసిన డ్రిల్లుతో బండి మీదే చేసేస్తారు కొందరు, ఇనుప రజను బేరింగులకు చేరాక తెలుస్తుంది.

లోపలికి వెళ్లే గొట్టం సన్నదే చాలు. బాల్ బేరింగ్ టర్బో అయితే సుమారు 1 మి.మీ. రంధ్రమున్న రిస్ట్రిక్టర్ కావాలి, మామూలు జర్నల్ బేరింగ్‌కు సాధారణంగా అక్కరలేదు. స్టీలు అల్లిన గొట్టం దేన్ని తాకితే దాన్ని ఆకురాయిలా కోసేస్తుంది. వైరింగ్, బ్రేక్ పైపుల పక్క నుంచి పోనివ్వకూడదు. వేడి ఆయిల్ ఎర్రటి మానిఫోల్డ్ మీద చిమ్మితే మంటే. నీటి కనెక్షన్ ఉన్న టర్బోకు నీరు తప్పక ఇవ్వాలి. ఇంజన్ ఆపాక వేడి నీరు పైకీ చల్లనిది కిందికీ తనంతట తిరిగి, బేరింగు దగ్గర ఆయిల్ బొగ్గు కాకుండా కాపాడుతుంది.

బూస్ట్ దొంగదారిన వెళ్లే చోట్లు కూడా చూసుకోవాలి. క్రాంక్‌కేస్ ఆవిరిని ఇంటేక్‌లోకి పంపే స్టాక్ పీసీవీ వాల్వు మానిఫోల్డ్ ఎప్పుడూ వాక్యూమ్‌లో ఉంటుందనుకుని చేసినది. బూస్ట్ దాన్ని దాటి క్రాంక్‌కేస్‌లోకి దూరితే డిప్‌స్టిక్ ఎగిరిపడుతుంది, వెనక సీలు కారుతుంది. మంచి వన్‌వే వాల్వు వేయాలి, ట్యాపెట్ కవర్ మీది రెండో గొట్టాన్ని ఆయిల్ పట్టే డబ్బా మీదుగా టర్బో ముందు ఇంటేక్‌కు కలపాలి. బ్రేక్ బూస్టర్ గొట్టంలోని వన్‌వే వాల్వు పాతదైతే మార్చాలి. పెట్రోల్ ఆవిరి క్యానిస్టర్ గొట్టానికీ ఒకటి కావాలి.

ప్లగ్‌లు ఒక మెట్టు చల్లవి (వేడిని త్వరగా బయటికి పంపేవి), సందు 1.0 నుంచి 0.7 మి.మీ.కి. పీడనం పెరిగితే స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, పాత కాయిల్ అక్కడ తడబడుతుంది. ఎన్‌జీకే, డెన్సోలలో నంబర్ పెరిగితే ప్లగ్ చల్లది, బాష్‌లో తగ్గితే చల్లది. తలకిందులుగా కొంటే వేడి ప్లగ్ చేతికొస్తుంది. స్టాక్ క్లచ్ అరిగి ఉంటే మొదటి వారంలోనే జారుతుంది.

మొదటి స్టార్టు, మొదటి పరుగు

ఇంటేక్ వ్యవస్థ మొత్తానికి ముందు గాలి పరీక్ష చేయాలి. టర్బో నోట్లో ట్యూబు వాల్వు బిగించిన మూత పెట్టి, 8 పీఎస్ఐ గాలి నింపి, సబ్బు నీళ్లతో కీళ్లన్నీ తడపాలి. తర్వాత ఇంధనం, స్పార్క్ ఆపి, ఆయిల్ ప్రెజర్ లేచేదాకా పదేసి సెకన్లు స్టార్టర్ తిప్పాలి. టర్బోలోకి పొడి బేరింగు మీద మంట పంపకూడదు.

ట్యూనింగ్‌కు డైనో (బండిని నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం) ఉత్తమం, లేకపోతే మూసిన ట్రాక్. జనం తిరిగే రోడ్డు కాదు. ఎప్పుడూ వాడే ఆక్టేన్ పెట్రోల్‌తోనే చేయాలి. ఆక్టేన్ అంకెల్లోనూ ఒక మెలిక ఉంది: అమెరికాలో బంకు మీద 91 అని రాసేది మిగతా చాలా దేశాల్లో వాడే రాన్ అనే కొలతలో సుమారు 95, 96కు సమానం. ఎవరో ఇచ్చిన మ్యాప్ దించుకునేముందు ఏ 91 అని అడగాలి.

లాంబ్డా 0.78, టైమింగ్ బాగా వెనక, 5 పీఎస్ఐ స్ప్రింగు. నాలుగో గేర్‌లో 2000 నుంచి 4000 దాకా ఒక లాగు, ఆపి ఈసీయూ నమోదు చేసిన లాగ్ చదవాలి. ఆర్‌పీఎం, మ్యాప్, లాంబ్డా, టైమింగ్, గాలి ఉష్ణోగ్రత, ఇంజెక్టర్ శాతం, ఇంధన పీడనం, బ్యాటరీ వోల్టేజీ. మిశ్రమం కుదిరాకే టైమింగ్ ముట్టుకోవాలి, ఒక్కో డిగ్రీ చొప్పున. పవర్ పెరగడం ఆగిన చోట, లేదా నాక్ సెన్సర్ గీత లేచిన చోట, రెండు డిగ్రీలు వెనక్కి వచ్చి వదిలేయాలి. నాక్ వినడానికి బ్లాకుకు రాగి గొట్టం బిగించి, రబ్బరు ట్యూబుతో చెవి మఫ్‌లకు కలిపే మోటు పద్ధతి ఇప్పటికీ చాలా సెన్సర్ల కంటే నమ్మకమైనది. ప్రతి మూడు నాలుగు లాగులకు ఒక ప్లగ్ తీసి భూతద్దంతో చూడాలి. తెల్ల పింగాణీ మీద మిరియపు పొడిలా నల్లచుక్కలు ఉంటే నాకింగ్. మెరిసే చుక్కలు ఉంటే అది పిస్టన్ అల్యూమినియం, ఆ రోజుకు పని ఆపేయాలి.

ఈసీయూలో కాపలా కూడా పెట్టాలి. బూస్ట్ 8 దాటితే అన్ని సిలిండర్లకూ ఒకేసారి ఇంధనం ఆగాలి. ఒకటి రెండు సిలిండర్లకే కోత పడితే మిగతావి లీన్ అయ్యే ప్రమాదం ఉంది. 3 పీఎస్ఐ పైన లాంబ్డా 0.88 దాటి మూడో వంతు సెకను నిలిచినా అదే కోత. ఇంటర్‌కూలర్ తర్వాత గాలి 60 డిగ్రీలు దాటితే టైమింగ్ వరసగా తగ్గాలి. జెట్‌ఫైర్ యజమానులు నింపడం మరిచినట్టు ఇక్కడా ఏదో ఒకటి మరిచే రోజు వస్తుంది, ఆ రోజు బండికి పికప్ తగ్గడమే మంచిది.

ఉద్గార నిబంధనలు, ఇన్సూరెన్స్ షరతులు దేశాన్ని బట్టి మారతాయి. మార్పులు చేసిన ఇంజన్‌ను రోడ్డెక్కించే ముందు అవి చదువుకోవాలి.

మంచి సింథటిక్ ఆయిల్, ప్రతి 5000 కి.మీ.కి మార్పు. గట్టిగా నడిపాక ఆపే ముందు ఒక నిమిషం ఐడిల్. మొదటి 500 కి.మీ. తర్వాత మానిఫోల్డ్ నట్లు, క్లాంపులు మళ్లీ బిగించాలి. 1000 దగ్గర అదే గేజ్‌తో, అదే వేడి మీద కంప్రెషన్ మళ్లీ చూసి పాత అంకెల పక్కన రాయాలి. నాలుగూ కలిసి ఒకటి రెండు పీఎస్ఐ తగ్గితే కొలతలో తేడా కావచ్చు. మూడు అలాగే ఉండి ఒకటి 15 పడిపోయి, చెంచా ఆయిల్ పోశాక తిరిగి లేచిందంటే దెబ్బ తగిలింది ఆ రింగు గట్టుకే. ఇంజన్ విప్పేదాకా వేస్ట్‌గేట్ రేకును తెరిచిపెట్టి తీగతో కట్టేసి నడపాలి.